సర్గోధా నుంచి తిరిగిరాని విమానం గురించి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

యుద్ధాల వార్షికోత్సవాలు వచ్చినప్పుడల్లా మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ అమరులైన సైనికులకు నివాళులు ప్రచురిస్తున్నాయి. ఆ శ్రద్ధను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ నివాళుల్లో పేరు, హోదా, పతకం, ఛాయాచిత్రం ఉంటాయే తప్ప ఆ మనిషి ఏం చేశాడో, ఎలా ప్రాణాలు కోల్పోయాడో, ఆ సంగతి మనకు ఏ దారిన తెలిసిందో చెప్పే వాక్యాలు అరుదుగా కనిపిస్తాయి. ఏ దారిన తెలిసిందన్న ప్రశ్న వైమానిక దళ పైలట్ల విషయంలో ఎంత ముఖ్యమైనదో 1965 భారత్–పాకిస్తాన్ యుద్ధంలో మరణించిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య ఉదంతం చెబుతుంది. దానిని మీ పాఠకుల ముందుంచి, పత్రికను ఒక కోరిక కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

దేవయ్య 1932లో కొడగులో జన్మించారు. 1954లో వైమానిక దళంలో అధికారిగా చేరారు. 1965 నాటికి ఆయన కొత్తవారికి విమానం నడపడం నేర్పే శిక్షకుడు. యుద్ధం ముంచుకొచ్చిన వేళ ఆయనను పంజాబులోని ఆదంపూర్ స్థావరంలో ఉన్న ఒకటో నంబరు స్క్వాడ్రన్‌కు పంపారు. సెప్టెంబరు 6 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ స్థావరంపై విరుచుకుపడి, నేల మీద నిలిపి ఉంచిన మన విమానాలను తగలబెట్టాయి. దానికి బదులు మరునాటి తెల్లవారుజామునే ఇవ్వాలని నిర్ణయం జరిగింది. లక్ష్యం సర్గోధా. అది పాకిస్తాన్ వైమానిక దళానికి ఆయువుపట్టు వంటి స్థావరం. ఆదంపూర్ నుంచి గాలిదారిన సుమారు 300 కిలోమీటర్లు.

ఆనాడు ఒకటో నంబరు స్క్వాడ్రన్ నడిపేవి ఫ్రాన్సులో తయారైన మిస్టేర్ విమానాలు. ఒక్క పైలట్ మాత్రమే కూర్చునే, ధ్వని వేగానికి లోబడి ఎగిరే, అప్పటికే ఒక తరం వెనుకబడిన విమానాలవి. సర్గోధాను కాపలా కాసేవాటిలో అమెరికా ఇచ్చిన స్టార్‌ఫైటర్లు ఉన్నాయి. ధ్వనికి రెండింతల వేగంతో దూసుకుపోగల ఆ విమానానికి ఆ రోజుల్లో ఉపఖండంలో సాటి లేదనే పేరుండేది. వింగ్ కమాండర్ ఓం ప్రకాశ్ తనేజా నాయకత్వంలో మిస్టేర్లు చీకటి విడవక ముందే గాలిలోకి లేచాయి. దాడికి ఎంపిక చేసిన పన్నెండు విమానాల్లో దేవయ్యది లేదు. ఏదైనా ఒకటి మొరాయిస్తే ఆ ఖాళీలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉంచిన అదనపు విమానాల్లో ఆయనది ఒకటి. ఆ అవసరం పడింది, ఆయన వెళ్లారు.

తిరుగుదారిలో ఆయన విమానాన్ని ఒక స్టార్‌ఫైటర్ అడ్డగించింది. దాన్ని నడుపుతున్నవాడు ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజాద్ హుస్సేన్. అతని దెబ్బకు దేవయ్య విమానం గాయపడింది. ఆ స్థితిలో నేలకు మరింత దగ్గరగా దిగి సరిహద్దు వైపు పరుగెత్తడం ఏ పైలట్‌కైనా తప్పు కాదు. ఎవరూ ప్రశ్నించేవారు కూడా కాదు. పైగా ఇంధనాన్ని రానూపోనూ లెక్కగట్టి నింపుకొని వెళ్లే అటువంటి దాడిలో మధ్యలో గగన పోరాటానికి దిగడమంటే తిరుగు ప్రయాణాన్ని పణంగా పెట్టడమే. దేవయ్య విమానాన్ని వెనక్కి తిప్పి తనకంటే రెండింతల వేగం గల విమానంతో తలపడ్డారు. వేగంలో స్టార్‌ఫైటర్‌ది పైచేయి అయినా, తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో, ఇరుకైన మలుపులు తిరిగే పోరాటంలో దాని పొట్టి రెక్కలు దానికే అడ్డం. ఆ బలహీనత మిస్టేర్‌కు కలిసివచ్చింది. దేవయ్య 30 మిల్లీమీటర్ల ఫిరంగుల తాకిడికి స్టార్‌ఫైటర్ అదుపు తప్పింది. అంజాద్ హుస్సేన్ పారాచూట్‌తో బయటపడి బతికాడు. దేవయ్య తిరిగి రాలేదు.

ఇదంతా ఇప్పుడు ఇంత వరుసగా రాయగలుగుతున్నాం గాని, ఆ ఉదయం ఆదంపూర్‌లో ఎవరికీ ఇందులో ఒక్క ముక్క తెలియదు. తోటి పైలట్లు ఎవరి దాడి వారు ముగించుకొని ఎవరి దారిన వారు వచ్చారు. దేవయ్య విమానం ఎక్కడ, ఎప్పుడు వెనుకబడిందో చూసినవారు లేరు. దస్త్రంలో ఆయన ఆచూకీ తెలియనివారిలో ఒకరయ్యారు. దాడి చేయడానికి వెళ్లి తిరిగిరాని పైలట్ల జాబితాలో ఒక పేరుగా ఆయన కథ అక్కడితో ఆగిపోయింది.

ఆ కథను కదిలించింది మన వైపు వారు కాకపోవడమే ఇందులో ఆలోచించవలసిన సంగతి. పాకిస్తాన్ వైమానిక దళం సహకారంతో ఒక బ్రిటిష్ రచయిత 1965 గగన యుద్ధంపై రాసిన పుస్తకం 1979లో వెలువడింది. ఆ ఉదయం ఒక మిస్టేర్ వెనక్కి తిరిగి స్టార్‌ఫైటర్‌తో తలపడిన వైనం అందులో ఉంది. దాన్ని తన దగ్గరున్న వివరాలతో సరిపోల్చి చూసుకున్న తనేజా, ఆ మిస్టేర్ దేవయ్యదే అయి ఉండాలని ప్రభుత్వానికి నివేదించారు. ఆ తర్వాత కూడా ఏళ్లు గడిచాయి. చివరకు 1988లో, అంటే ఆ మనిషి మరణించిన 23 ఏళ్లకు, యుద్ధకాల శౌర్య పతకాల్లో పరమవీర చక్ర తర్వాతిదైన మహావీర చక్ర ప్రకటించారు.

ఇందులో నన్ను వదలని సంగతి ఇంకొకటి ఉంది. అదే అంజాద్ హుస్సేన్ 1971 యుద్ధంలో అమృత్‌సర్ ప్రాంతంలో కూల్చివేతకు గురై మన చేతికి యుద్ధఖైదీగా చిక్కాడు. దేవయ్య ఆఖరి పోరాటానికి ప్రపంచంలో మిగిలిన ఏకైక సాక్షి కొంతకాలం మన నిర్బంధంలోనే ఉన్నాడన్నమాట. ఆ సంబంధం ఉందని అప్పటికి మన దగ్గర ఎవరికీ తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ యుద్ధం ముగిసిన వెంటనే, జ్ఞాపకాలు పచ్చిగా ఉండగానే, ఇరువైపుల కథనాలను పోల్చి చూసే పద్ధతి ఒకటి మనకు ఉండి ఉంటే ఈ పతకం అంత ఆలస్యంగా వచ్చేది కాదనే నా అభిప్రాయం.

దీని పక్కన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఉదంతాన్ని పెట్టి చూడాలి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ స్థావరంపై ఆరు పాకిస్తాన్ సేబర్ విమానాలు దాడికి వచ్చినప్పుడు ఆయన తన చిన్న నాట్ విమానంలో, పైన బాంబులు పడుతుండగానే, రన్‌వే మీద నుంచి లేచి వాటితో ఒంటరిగా పోరాడారు. ఆయన విమాన శకలాలు ఒక లోయలో దొరికాయి. భౌతికకాయం మాత్రం ఎన్నటికీ దొరకలేదు. వైమానిక దళానికి దక్కిన ఏకైక పరమవీర చక్ర ఆయనదే. ఆ గౌరవం జాప్యం లేకుండా దక్కింది. ఎందుకంటే ఆ పోరాటం సొంత స్థావరం నెత్తి మీదే జరిగింది. నేల మీద ఉన్నవారు కళ్లారా చూశారు, రేడియోలో ఆయన గొంతు విన్నారు. సెఖోన్ శౌర్యాన్ని దేవయ్య శౌర్యంతో తూచాలని నేను ఈ మాట చెప్పడం లేదు. ఒకరి పోరాటాన్ని సొంత మనుషులు చూశారు, మరొకరి పోరాటాన్ని శత్రువు తప్ప ఎవరూ చూడలేదు. గుర్తింపు వెంటనే రావడానికీ 23 ఏళ్లు పట్టడానికీ మధ్య తేడా అంతే.

నేల మీద పోరాడే సైనికుడికి పక్కన ఒక ప్లటూన్ ఉంటుంది. అతడు ఒరిగిపోయినా, ఎలా ఒరిగాడో చెప్పడానికి కనీసం ఒకరిద్దరు మిగులుతారు. ఒంటరి సీటు విమానంలో శత్రు భూభాగం మీదికి వెళ్లిన పైలట్‌కు ఆ భాగ్యం లేదు. రేడియో మూగబోయిన క్షణం నుంచి అతని గురించి తెలియవలసినదంతా అవతలివారి దగ్గరే ఉండిపోతుంది: శకలాలు, గుర్తింపు బిళ్ల, ఖననం చేసిన చోటు, బతికి పట్టుబడితే ఆ వాంగ్మూలం. అందుకే పైలట్ల విషయంలో పత్రాలకూ, అవి సకాలంలో బయటికి రావడానికీ ఇంత ప్రాముఖ్యం.

ఆ పత్రాలు బయటికి రానప్పుడు మిగిలిన కుటుంబాలకు ఏమవుతుందో ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే విషయంలో దేశమంతా చూసింది. 1971 డిసెంబరు తొలి వారంలో సుఖోయ్-7 విమానంలో పాకిస్తాన్ మీదికి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. పట్టుబడిన భారత పైలట్లంటూ ఆ రోజుల్లోనే ఒక పాకిస్తాన్ పత్రిక అచ్చువేసిన పేర్లలో ఆయన పేరును పోలిన పేరు ఉంది. అయినా యుద్ధఖైదీల అప్పగింతలో ఆయన రాలేదు. ఆయన భార్య దమయంతి తాంబే బాడ్మింటన్‌లో జాతీయ విజేత. పెళ్లయి రెండేళ్లు కూడా నిండకముందే మొదలైన ఆమె ఎదురుచూపు దశాబ్దాల తరబడి సాగింది. మంత్రిత్వ శాఖలకు ఆమె తిరిగినన్ని సార్లు మన దేశంలో బహుశా ఏ క్రీడాకారిణీ తిరిగి ఉండదు. తాంబేతో సహా ఆచూకీ తెలియని 54 మంది భారత సైనికులు తమ నిర్బంధంలో లేరని పాకిస్తాన్ చెబుతూ వచ్చింది. 2007లో వారి బంధువుల బృందం ఒకటి పాకిస్తాన్ జైళ్లను చూడటానికి వెళ్లి, ఎవరినీ కనుగొనలేక తిరిగివచ్చింది. మరణించాడని నిర్ధారణ జరిగితే కర్మకాండ చేసుకోవచ్చు, బతికున్నాడని తెలిస్తే విడుదల కోసం పోరాడవచ్చు. ఈ రెండూ కాని స్థితిలో ఒక ఇల్లు ఎన్నేళ్లు నిలబడాలి? నివాళి వ్యాసాల్లో ఈ కుటుంబాలకు సాధారణంగా చోటు ఉండదు. మరణం ధ్రువపడలేదు గనుక వారి మనుషుల పేర్ల ముందు 'అమర' అన్న మాట చేర్చడానికి కూడా వీలు కాదు కదా.

మన పూర్వులు ఈ విషయంలో మనకంటే జాగ్రత్త గలవారని అనిపిస్తుంది. తెలుగునాట పొలిమేరల్లో, పాత గుళ్ల పక్కన కనిపించే వీరగల్లులను, అంటే పోరులో ఒరిగిన వీరుల స్మారక శిలలను, గమనించండి. చాలావాటిలో కింది భాగాన ఆ వీరుడు పోరాడుతున్న దృశ్యం చెక్కి ఉంటుంది. పైన దేవకన్యలు అతనిని తీసుకుపోవడం, ఆపైన అతడు శివసన్నిధి చేరడం. పేరు చెక్కని రాళ్లు కూడా ఉన్నాయి గాని, అతడు ఏం చేస్తూ పోయాడో చెప్పకుండా వదిలినవి తక్కువ. పల్నాటి వీరులకు కారెంపూడిలో ఏటా జరిగే ఉత్సవంలోనూ కథాగానానికే పెద్దపీట. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం త్యాగ చక్రంలో 25 వేలకు పైగా పేర్లు గ్రానైట్ పలకలపై చెక్కారు. అది జరగవలసిన పని. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏళ్లకు గాని జరగలేదన్నదే విచారం. కానీ పేరు మాత్రమే ఉన్న పలక ముందు నిలబడిన విద్యార్థికి ఆ పేరు వెనక సర్గోధా ఆకాశం ఉందని చెప్పేదెవరు? పలక మీద అంత చోటు లేదు. ఆ పని పుస్తకాలదీ, పత్రికలదీ.

పుస్తకాలు రావాలంటే ముందు పత్రాలు కావాలి. మన దగ్గర 1965, 1971 యుద్ధాల అధికారిక చరిత్రలను రక్షణ మంత్రిత్వ శాఖ చరిత్ర విభాగమే సిద్ధం చేయించింది. అవి సకాలంలో అచ్చయి జనం చేతికి రాలేదు. అనధికారికంగా బయటికి పొక్కాకే చాలామంది చదివారు. 1962 చైనా యుద్ధంలో ఓటమిపై సైన్యం జరిపించిన విచారణ ఫలితమైన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు. చేయాలనుకుంటే చేయగలమని చెప్పడానికి కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది: కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం తన నివేదిక ఇచ్చింది, కొన్ని భాగాలు తొలగించి 2000లో దానిని పార్లమెంటు ముందు ఉంచారు. యుద్ధాల చరిత్రను రాయించి వెలువరించాలని ఆ సంఘం చేసిన సూచన మరో రెండు దశాబ్దాలకు, 2021 జూన్‌లో, రక్షణ మంత్రిత్వ శాఖ విధానంగా మారింది. దాని ప్రకారం యుద్ధం లేదా సైనిక చర్య ముగిసిన రెండేళ్లలోపు ఒక సంఘాన్ని వేయాలి, ఆ తర్వాత మూడేళ్లలో పత్రాలు సేకరించి చరిత్ర రచన పూర్తి చేయాలి. పత్రాలను సాధారణంగా 25 ఏళ్లకు రహస్య వర్గం నుంచి తప్పించాలి. 25 ఏళ్లు దాటినవాటిని నిపుణులు పరిశీలించాక జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) చేర్చాలి.

విధానం బాగుంది. కానీ 1965 నాటి పత్రాలకు ఆ 25 ఏళ్లు 1990లోనే నిండాయి. రక్షణ రహస్యాలు బయటపడతాయనే అభ్యంతరం నాకు తెలియనిది కాదు; ఇటీవలి సంఘటనల విషయంలో అది సమంజసమే. మిస్టేర్ విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు. ఆ విమానాలు 1973 నాటికే మన దళం నుంచి వైదొలిగాయి. వాటి వేగం, ఆయుధాలు, ప్రయాణ దూరం ప్రపంచమంతా అచ్చయి ఉన్నాయి. ఇంకా దాచిపెట్టడం వల్ల రక్షణ పొందేది దేశం కాదు, ఆనాటి నిర్ణయాల్లోని పొరపాట్లు. పఠాన్‌కోట్‌లో విమానాలు అలా ఆరుబయట ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు ఇబ్బందికరమైనదే కావచ్చు. ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి దేవయ్య వంటివారి ఆఖరి గంటను కూడా అదే అల్మారాలో ఉంచి తాళం వేయడం న్యాయం కాదు.

పత్రాలు లేని చోట కల్పన చేరుతుంది. దేవయ్య ఉదంతాన్ని ఆధారం చేసుకొని 2025లో ఒక హిందీ చలనచిత్రం వచ్చింది. దాని వల్ల ఎందరికో ఈ కథ తెలిసిన మాట నిజం. అయితే అందులో పాత్రల పేర్లు మార్చారు, సినిమాకు కావలసిన హంగులు చేర్చారు. సినిమావారిని నేను తప్పుపట్టను, అది వారి వృత్తి. ఇప్పుడు ఆ హంగులే చరిత్రగా ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయి. ఆయన నోట పలకని మాటలు ఆయన చిత్రం కింద రాసి పంచుతున్నారు. ఈ ప్రచారంలో అంజాద్ హుస్సేన్‌ను హేళన చేయడం మరీ అన్యాయంగా తోస్తుంది. అతడూ ఆ ఉదయం తన స్థావరాన్ని కాపాడుకోవడానికి లేచిన పైలటే. అవతలి వైపు కథనం అచ్చులోకి రాకపోయి ఉంటే దేవయ్య నేటికీ ఆచూకీ తెలియనివాడుగానే మిగిలిపోయేవారు.

ఇక మీ పత్రికను కోరదలచినది. హైదరాబాదు పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. అక్కడ శిక్షణ ముగించుకున్న యువ అధికారుల కవాతు ఛాయాచిత్రాలను తెలుగు పత్రికలన్నీ రంగుల్లో ప్రచురిస్తాయి. వారిలో తెలుగు పిల్లలు ఉంటే ఊరు, తల్లిదండ్రుల వివరాలతో సహా రాస్తాయి. అంత దగ్గరగా ఉన్న వైమానిక దళం గురించి తెలుగులో నమ్మకంగా చదవదగిన చరిత్ర ఎంత ఉందో మీ గ్రంథాలయంలో ఒకసారి వెతికించండి. 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్నవారిలో బతికి ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటినవారు. వారిలో తెలుగువారు, లేదా తెలుగునాట స్థిరపడినవారు ఉండే ఉంటారు. పైలట్లే కానక్కర్లేదు. రాత్రంతా మేలుకొని విమానాలకు బాంబులు తగిలించినవారు, రాడార్ ముందు కూర్చున్నవారు, ఎన్ని విమానాలు వెళ్లాయో ఎన్ని దిగాయో లెక్క చూసినవారు. వారి మాట కూడా సాక్ష్యమే.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా మీ విలేకరులు అటువంటివారిని, మరణించిన సైనికుల కుటుంబాలను కలుసుకోగలరు. ప్రతి పైలట్‌కూ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఏ తేదీన ఏ విమానంలో ఎంతసేపు ఎగిరాడో అందులో నమోదవుతుంది. అటువంటి పుస్తకాలు, యుద్ధకాలపు ఉత్తరాలు, దళం నుంచి వచ్చిన టెలిగ్రాములు ఇళ్లలో ఎక్కడో ఒకచోట ఉండి ఉంటాయి. ఇల్లు మారినప్పుడో, పెద్దలు పోయినప్పుడో అవి పాత కాగితాలతో పాటు పోయే ప్రమాదం ఉంది. వాటి నకళ్లు తీసి భద్రపరచడానికి పాఠకులను ఆహ్వానిస్తూ మీరు ఒక ప్రకటన వేయండి. వచ్చినవాటిని సైనిక చరిత్ర తెలిసినవారి చేత పరిశీలింపజేసి, ఏది పత్రం చెబుతున్నదో ఏది జ్ఞాపకం చెబుతున్నదో విడదీసి ప్రచురించండి. విలువైనవాటి నకలును రక్షణ శాఖ చరిత్ర విభాగానికి కూడా పంపండి. 'చరిత్రలో ఈ రోజు' వంటి శీర్షికలో సెప్టెంబరు 7కు ఒక వాక్యం చేర్చడం దీని తర్వాత మాట. అందులోనైనా ఆయన పేరు, విమానం పేరు, సర్గోధా పేరు తప్పు లేకుండా పడాలని కోరుకుంటున్నాను. ఈ సేకరణకు మీరు పూనుకుంటే, అందిన పత్రాలను చదివి వివరాల పట్టిక తయారుచేసే పనిలో జీతం ఆశించకుండా సాయం చేయడానికి నావంటి పాఠకులు ముందుకు వస్తారు. ముందుగా నన్ను లెక్కలో వేసుకోండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు